సెకనుకు పాతిక లక్షల సింహం

2019లో వచ్చిన ‘ద లయన్ కింగ్’లో కెమెరాతో నిజంగా తీసిన షాట్ ఒక్కటే ఉంది. సినిమా మొదలవగానే ఆఫ్రికాలో పొద్దు పొడుస్తుంది చూడండి, అదీ ఆ షాట్. మిగతా 1,490 షాట్లూ కంప్యూటర్‌లో తయారైనవే. షాట్ అంటే కట్ పడేదాకా ఏకబిగిన నడిచే ముక్క. గడ్డిపరకలు, దుమ్ము, సింహం జూలు, జూలు మీద పడే ఎండ, అన్నీ బొమ్మలే. ఈ ముచ్చట దర్శకుడు జాన్ ఫావ్రోనే సినిమా విడుదలయ్యాక చెప్పాడు. ఎవరైనా గుర్తుపడతారేమో చూద్దామని ఆ ఒక్కదాన్ని అసలుది పెట్టాడట.

మదనపల్లెలోనో పుంగనూరులోనో హాలు బయట నిలబడి సినిమా బాగుందా లేదా అని వాదించుకునేటప్పుడు ఈ అంకె దగ్గర పెట్టుకుంటే చాలా సంగతులు తేలతాయి. ‘నిజం సింహాల్లానే ఉండాయి’ అంటారు ఒకరు. ‘పాతదాంట్లో వచ్చిన ఏడుపు ఇందులో రాలేదబ్బా’ అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటా సరైనదే. రెండో ఆయన ఫిర్యాదుకు కారణం మొదటి ఆయన మెచ్చుకోలులోనే ఉందని నా అభిప్రాయం. అదెలాగో కాస్త లెక్కలతో చూద్దాం.

ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. మనుషుల్ని, నిజమైన చోట్లను కెమెరా ముందు పెట్టి తీసేదాన్ని లైవ్ యాక్షన్ అంటారు. మనం వారం వారం చూసే తెలుగు సినిమాలన్నీ అవే. గీసిన బొమ్మల్ని కదిలించి తీస్తే యానిమేషన్. 1994 నాటి ‘ద లయన్ కింగ్’ యానిమేషన్ అనడంలో గొడవే లేదు. 2019 నాటి దాన్ని మాత్రం లోకమంతా లైవ్ యాక్షన్ రీమేక్ అనే పిలిచింది. ఒక్క షాట్ తప్ప అంతా కంప్యూటర్ బొమ్మలే అయినప్పుడు అది లైవ్ యాక్షన్ ఎలా అవుతుందని మీకు అనిపిస్తే, మీ అనుమానం న్యాయమైనదే. అమెరికాలో గోల్డెన్ గ్లోబ్ అవార్డుల వాళ్లు దాన్ని యానిమేషన్ సినిమాల పోటీలోనే నిలబెట్టారు. అంటే మనం చూసింది ఒక బొమ్మల సినిమాను ఇంకో రకం బొమ్మలతో మళ్లీ తీసిన సినిమా.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. ముందు మన జేబులోంచి పోయేది చూద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ మున్సిపాలిటీలే. 2022 మార్చి 7న రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 13 ప్రకారం మున్సిపాలిటీల్లో ఏసీ లేని హాలుకు 30, 50 రూపాయలు, ఏసీ హాలుకు 60, 80, ఎక్కువ హంగులున్న ప్రత్యేక థియేటర్‌కు 80, 100, మల్టీప్లెక్స్‌కు 125. జీఎస్టీ వీటికి అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు ఉన్న టికెట్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే ఎప్పటిలా 18 శాతమే. పెద్ద హీరోల సినిమాలకు ప్రత్యేక అనుమతితో కొన్నాళ్లు రేటు పెంచుకుంటారు, ఆ లెక్క వేరు.

కాబట్టి నలుగురున్న ఇల్లు ఏసీ హాల్లో 80 రూపాయల క్లాసులో కూర్చుంటే 320, జీఎస్టీ 16, మొత్తం 336 రూపాయలు. పన్ను తగ్గకముందు ఇదే కుటుంబానికి 358 అయ్యేది. పాప్‌కార్న్, సమోసా, పార్కింగ్ నేను లెక్కలో వేయలేదు, వాటికి ఏ జీవో అడ్డుపడుతుందో మీకే తెలియాలి.

పన్నుతో కలిపి మనిషికి పడే ఈ 84 రూపాయల టికెట్‌కు పాత సినిమా అయితే 88 నిమిషాలు వచ్చేది, కొత్తది 118 నిమిషాలు వస్తుంది. నిమిషానికి 95 పైసలు పడేది 71 పైసలకు దిగింది. చూడడానికి బేరం మనకే లాభంగా ఉంది. మరి ఆ అదనపు 30 నిమిషాల్లో ఏముంది?

అక్కడే నాకు పేచీ. కథలో పెద్ద మార్పేమీ లేదు. సింబా పుడతాడు, తండ్రి ముఫాసా చనిపోతాడు, చిన్నాన్న స్కార్ గద్దె ఎక్కుతాడు, సింబా పారిపోతాడు, తిరిగొస్తాడు. పాత సినిమాలో సింబా బతికే ఉన్నాడని రఫికీ అనే ముసలి కోతికి గాలిలో వచ్చిన దుమ్ము, ఆకుల ద్వారా చటుక్కున తెలిసిపోతుంది. కొత్తదాంట్లో సింబా జూలు కుచ్చు ఒకటి గాలికి ఎగిరి, నీళ్లలో కొట్టుకుపోయి, జిరాఫీ నోట్లో పడి, చివరికి పేడపురుగు దొర్లించే ఉండలో చేరి ఎక్కడెక్కడో తిరిగి రఫికీ దగ్గరికి చేరుతుంది. పనితనం అద్భుతం, కాదనను. కానీ ఆ షికారుతో కథ అంగుళం కూడా కదలదు. అదే సమయంలో స్కార్ తన కుట్రను బయటపెట్టే పాటను కుదించి, సగం మాటల్లా నడిపించేశారు. బొమ్మల సినిమాలో ఒళ్లు గగుర్పొడిచే ఘట్టం అది. పెంచినచోట బలం లేదు, బలమున్నచోట కోశారు.

ఈ పెంపకం ‘లయన్ కింగ్’ ఒక్కదానికే పరిమితం కాలేదు. ‘అల్లాదీన్’ 1992లో 90 నిమిషాలు, 2019లో 128. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ 1991లో 84, 2017లో 129. ‘డంబో’ అయితే 1941లో 64 నిమిషాల పిట్ట సినిమా, 2019లో 112 నిమిషాలు. రెండున్నర గంటల సినిమాకు అలవాటుపడ్డ మనకు ఇవన్నీ పొట్టివిగానే కనిపిస్తాయి. కానీ బొమ్మల సినిమాలో ప్రతి సెకనునూ ఎవరో కూర్చుని గీయాలి కాబట్టి అక్కర్లేని సెకను పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ బిగువు వల్లే అవి అలా నిలబడ్డాయి.

గీయడం అంటే ఎంత? సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు నడుస్తాయి. 88 నిమిషాలకు ఫ్రేములు లక్షా 26 వేలు దాటతాయి. చేత్తో గీసేవాళ్లు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకుంటారు, అయినా సెకనుకు పన్నెండు బొమ్మలు తప్పవు. తెర మీద నాలుగు పాత్రలుంటే నాలుగు రెట్లు. పాత సినిమాలోనూ కంప్యూటర్ సాయం ఉంది. ముఫాసా ప్రాణం తీసిన ఆ వైల్డ్‌బీస్ట్ మంద తొక్కిసలాట కంప్యూటర్‌తో చేసిందే. రెండున్నర నిమిషాల ఘట్టానికి రెండేళ్లకు పైగా పట్టింది.

కొత్తదాని ఖర్చు సుమారు 26 కోట్ల డాలర్లు. 2019 జూలైలో డాలరు దాదాపు 69 రూపాయలు, అంటే దగ్గరదగ్గర 1,800 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద అంకె మన తలకెక్కదు, కాబట్టి కోద్దాం. 118 నిమిషాలకు పంచితే నిమిషానికి 15 కోట్లు, సెకనుకు పాతిక లక్షలు.

మన హాలు లెక్కలోకి మార్చి చూడండి. ఐదు వందల సీట్ల హాలు, టికెట్ 80 రూపాయలు, ఒక్క సీటూ ఖాళీ లేదు అనుకుంటే ఆటకు 40 వేలు. ఆ హాలు రోజుకు నాలుగు ఆటలు, రోజూ హౌస్‌ఫుల్‌గా, దాదాపు పదహారు రోజులు ఆడితే ఆ సినిమాలో ఒక్క సెకను ఖర్చు వస్తుంది. ఒక నిమిషం ఖర్చు రావాలంటే రెండున్నరేళ్లకు పైగా అలాగే ఆడాలి. సినిమా మొత్తానికి 22 కోట్లకు పైగా టికెట్లు తెగాలి. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనం ఐదు కోట్లు. చంటిపిల్లలతో సహా ఒక్కొక్కరూ నాలుగైదు సార్లు చూడాలన్నమాట. హాలు వాటా, పంపిణీదారుడి వాటా తీయకుండా వేసిన లెక్క ఇది.

పాత సినిమా ఖర్చు 4.5 కోట్ల డాలర్లు. అప్పటి డాలరుకు, ఇప్పటి డాలరుకు తేడా ఉంది కదా అంటారా? ఉంది. పాతికేళ్ల ధరల పెరుగుదల కలిపితే ఆ 4.5 కోట్లు 2019 నాటికి 7.8 కోట్ల డాలర్లతో సమానం. అలా చూసినా కొత్తదానికి మూడు రెట్లకు పైనే పెట్టారు. ఆ డబ్బులో కొంత రెండరింగ్‌కు, దానికి ముందు వేలాది వెంట్రుకల్ని, కండరాల్ని, నీడల్ని ఒక్కొక్కటిగా సర్దడానికి పోతుంది. కంప్యూటర్ వెలుతురు లెక్కలు కట్టి ఒక్కో ఫ్రేమును తుది చిత్రంగా అచ్చువేయడమే రెండరింగ్.

ఇంత పెట్టాక కూడా ముఫాసా పోయినప్పుడు గొంతు ఎందుకు పట్టుకోలేదు? దీనికి జవాబు పుంగనూరు వాళ్లకు బాగా తెలుసు. మూడు అడుగులకు అటూ ఇటూ ఎత్తుండే పుంగనూరు ఆవును ఏళ్ల తరబడి సాకినవాళ్లను అడగండి. దానికి కోపమొచ్చిందని ఎలా తెలుస్తుందంటే చెవులు, తోక, నిలబడే తీరు, ఊపిరి వదిలే విధం చెప్తారు. ముఖం చూసి చెప్పేవాళ్లు అరుదు. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచున పొలాలున్న రైతులూ అంతే. 358 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలోంచి ఏనుగు బయటికొస్తే ముందు చూసేది చెవులు, తొండమే. జంతువుకు మనిషిలా కనుబొమలు ఎగరేయడం, పెదవి విరచడం రాదు.

1994లో గీసినవాళ్లు సింహానికి మనిషి కనుబొమలు పెట్టారు. స్కార్ వెక్కిరింపుగా ఒక కనుబొమ లేపితే హాలుకు అర్థమైపోతుంది. చిన్న సింబా ‘నాన్నా, లే’ అన్నట్టు చూసినప్పుడు ఆ కళ్లు ముఖంలో సగం ఉంటాయి. ఏ సింహానికీ అలాంటి కళ్లు లేవు, కానీ ఏ పిల్లవాడికైనా ఉంటాయి. 2019లో సింహాన్ని సింహంలాగే ఉంచాలని పట్టుబట్టారు. దాంతో ఆనందం, భయం, దుఃఖం మూడింటికీ ఒకటే ముఖం మిగిలింది. నిజమైన జంతువు అనిపించడానికి పెట్టిన డబ్బంతా ముఖంలో భావం చెరిపేయడానికే పనికొచ్చింది. నా తీర్పులో ఆ సినిమాకు ఇదే పెద్ద లోటు.

అయినా మన దగ్గర ఆ సినిమా ఆడింది, బాగా ఆడింది. భారతదేశంలో నికర వసూళ్లు 150 కోట్ల రూపాయలు దాటాయి. నికరం అంటే టికెట్ డబ్బులో పన్ను తీసేశాక మిగిలేది. లోటున్న సినిమాను మనవాళ్లు ఎందుకు చూశారు? నా మటుకు జవాబు తెలుగు గొంతులే.

తెలుగులో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, ముఫాసాకు పి. రవిశంకర్, అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, ముంగిస టిమోన్‌కు అలీ గొంతులిచ్చారు. రవిశంకర్ పేరు వినగానే తట్టకపోతే ‘అరుంధతి’లో పశుపతి గొంతు గుర్తు తెచ్చుకోండి, ఆయనదే. అంత భయపెట్టిన గొంతు ఇక్కడ బిడ్డకు ధైర్యం చెప్పే తండ్రి అయింది. తెర మీద సింహం ముఖం ఏమీ చెప్పకపోయినా గొంతు చెప్పింది. బ్రహ్మానందం, అలీ మాట కలిపితే ఇంక ముఖాలు చూడాల్సిన పనే లేదు. ఆ ఇద్దరి ముఖాలు మన తలల్లో ముందే ఉన్నాయి. అడవిపంది నోరు తెరిస్తే మనకు బ్రహ్మానందమే కనిపిస్తాడు.

డబ్బింగ్ అంటే పెదవులు కలవవు కదా అని కొందరు మొహం చిట్లిస్తారు. మనుషుల సినిమాల్లో ఆ మాట నిజం. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. నిజమైన సింహంలా చేయాలని నోటిని చాలా తక్కువగా కదిలించారు. అది ఇంగ్లిష్‌కూ సరిగ్గా కలవదు, తెలుగుకూ కలవదు. అందువల్ల తెలుగు మాట అరువు తెచ్చుకున్నట్టు వినిపించదు. ముఖానికి చెరుపు చేసిన నిజమే డబ్బింగ్‌కు మేలు చేసింది. ఒక్క కోరిక మాత్రం నాకు మిగిలిపోయింది. ముంగిస టిమోన్ మన చిత్తూరు యాసలో ‘ఏందప్పా’ అని ఉంటే పుంగనూరు హాలు పైకప్పు లేచిపోయేది.

కుప్పం వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. మూడు రాష్ట్రాలు కలిసేచోట ఊరు, తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇళ్లలో తిరుగుతాయి. తమిళ ‘లయన్ కింగ్’లో సింబాకు సిద్ధార్థ్, స్కార్‌కు అరవింద స్వామి. హిందీలో ముఫాసాకు షారుఖ్ ఖాన్, సింబాకు ఆయన కొడుకు ఆర్యన్. రెండు భాషలు వచ్చిన ఇంట్లో ఏది బాగుందో తేల్చుకోవడం సినిమాకంటే సరదాగా ఉంటుంది. 2024 డిసెంబరు 20న వచ్చిన ‘ముఫాసా’కు తెలుగులో మహేశ్‌బాబు గొంతిచ్చాడు. పోస్టర్ మీద సింహం కంటే ఆయన పేరుకే మనవాళ్లు హాలుకు కదిలారంటే ఎవరూ నొచ్చుకోరనుకుంటాను.

ఇదంతా విని రీమేకులన్నీ వృథా అనుకోకండి. నా లెక్కలో నిలబడ్డది ఒకటుంది, 2016 నాటి ‘ద జంగిల్ బుక్’. దర్శకుడు మళ్లీ ఫావ్రోనే. పాతది 1967లో వచ్చింది, 78 నిమిషాలు, ఖర్చు 40 లక్షల డాలర్లు. కొత్తది 106 నిమిషాలు, సుమారు 17.5 కోట్ల డాలర్లు. మౌగ్లీగా వేసిన నీల్ సేథీ అనే పిల్లవాడు నిజం, అడవి అబద్ధం. సినిమా మొత్తం లాస్ ఏంజెలెస్ ఊళ్లో స్టూడియో గోడల మధ్య తీశారు. డెబ్భైకి పైగా జాతుల జంతువుల్ని కంప్యూటర్‌లో చేశారు. విజువల్ ఎఫెక్ట్స్, అంటే కెమెరా తీయలేనిదాన్ని బొమ్మలతో కలిపే పని, దానికి ఆస్కార్ వచ్చింది.

అదే దర్శకుడు, అదే పద్ధతి, మరి ఇది ఎందుకు పండింది? మధ్యలో ఒక మనిషి ముఖం ఉంది కాబట్టి. ఎలుగుబంటి బల్లూ ముఖంలో కదలిక తక్కువే. కానీ దాన్ని చూసి నవ్వే పిల్లవాడి ముఖం మనకు దారి చూపుతుంది. వాడు భయపడితే పులి షేర్ ఖాన్ భయంకరుడని మనకు తెలుస్తుంది. 1,490 బొమ్మల షాట్ల సినిమాలో ఆ ఒక్క ముఖం లేదు.

ఇంకో కారణం కూడా చెప్పుకోవాలి. మన ఊళ్లలో ఇప్పుడు నలభై దాటినవాళ్లకు ‘పాత జంగిల్ బుక్’ అంటే డిస్నీవాళ్ల 1967 సినిమా గుర్తుకు రాదు. తొంభైలలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన సీరియల్ గుర్తుకొస్తుంది. అది అసలు జపాన్ వాళ్లు 1989లో చేసిన 52 భాగాల బొమ్మల సీరియల్. హిందీలో షేర్ ఖాన్ గొంతు నానా పాటేకర్‌ది, టైటిల్ పాట గుల్జార్ రాసింది. 2016లో హిందీ డబ్బింగ్‌కు మళ్లీ నానా పాటేకర్‌నే పిలిపించారంటే ఆ జ్ఞాపకానికి ఎంత విలువ ఉందో డిస్నీకి తెలుసన్నమాట. సినిమాను ఇక్కడ 2016 ఏప్రిల్ 8న, అమెరికా కంటే వారం ముందే వదిలారు. నికర వసూళ్లు 180 కోట్లు దాటాయి, అందులో సగానికి పైగా హిందీ, తెలుగు, తమిళ ఆటల నుంచే వచ్చాయి.

పిల్లల్ని తీసుకెళ్లవచ్చా అనేది తల్లుల మొదటి ప్రశ్న. ‘జంగిల్ బుక్’కు మన సెన్సార్ బోర్డు యూ/ఏ ఇచ్చింది, అంటే పెద్దలు పక్కనుండి చూపించాలని. పిల్లల సినిమాకు అదేమిటని అప్పట్లో నవ్వుకున్నారు. త్రీడీలో పులి మీదికి దూకితే నాలుగేళ్ల బిడ్డ జడుసుకోవడం మాత్రం నిజమే. బొమ్మల సినిమాలో పులి మీద పడితే పిల్లలకు అది బొమ్మ. ఇక్కడ అది పులే. 2024లో నిబంధనలు మారాక యూఏను 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లు చేశారు. పోస్టర్ మీద యూఏ పక్కన ఉన్న అంకె చూసుకుంటే సరిపోతుంది.

ఈ సింహాలు, పులులు ఎక్కడ తయారయ్యాయో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. ‘జంగిల్ బుక్’, ‘లయన్ కింగ్’ రెండింటికీ ప్రధానంగా పనిచేసిన ఎంపీసీ అనే సంస్థకు బెంగళూరులో పెద్ద స్టూడియో ఉండేది. మదనపల్లె నుంచి బెంగళూరు నూట ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ, కుప్పం నుంచి ఇంకా దగ్గర, రైలెక్కితే పూటలో చేరతాం. ఆఫ్రికా సింహం జూలు కొంత మన పక్క ఊళ్లోనే దువ్వారన్నమాట. ఎంపీసీకి యజమాని అయిన టెక్నికలర్ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలింది. మన దేశంలోనే దాదాపు మూడు వేల మందికి ఉద్యోగాలు పోయాయి, వారిలో ఎక్కువమంది బెంగళూరువాళ్లే. వందల కోట్ల డాలర్లు తెచ్చిన సినిమాల మీద పనిచేసిన చేతులవి. సెకనుకు పాతిక లక్షలు పెట్టే చోట కూడా ఆ సెకనును తయారుచేసినవాడికి రేపటి జీతం మీద భరోసా లేదు.

మన కథల్ని ఇలా చేస్తే ఎలా ఉంటుందని అడగవచ్చు. ఇప్పటికే అయింది. 1990ల మొదట్లో జపాన్ దర్శకుడు యుగో సాకో మన వాళ్లతో కలిసి ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ అనే బొమ్మల సినిమా తీశాడు. 135 నిమిషాలు, దాదాపు లక్ష చేతి బొమ్మలు. అది చూశాకే ‘ఆదిపురుష్’ ఆలోచన వచ్చిందని దర్శకుడు ఓం రౌత్ చెప్పాడు. ప్రభాస్ రాముడిగా 179 నిమిషాల ఆ సినిమా 2023 జూన్ 16న వచ్చింది. ప్రతి ఆటలో హనుమంతుడికి ఒక సీటు వదిలారు, మీకు గుర్తుండే ఉంటుంది. టీజర్ చూసి జనం గ్రాఫిక్స్ బాగాలేవని తిట్టిపోస్తే జనవరిలో రావాల్సింది జూన్‌కు జరిపారు. అయినా పాత బొమ్మల రాముడి ముఖంలో ఉన్న ప్రశాంతత కొత్తదాంట్లో కనిపించలేదు. 2025 జనవరి 24న ఆ బొమ్మల రామాయణాన్ని తెలుగుతో సహా మళ్లీ హాళ్లలో వేశారు. ముప్పై ఏళ్ల నాటిది కాస్తా రెండేళ్ల నాటిదానికంటే తాజాగా కనిపించింది.

తిరకాసు కూడా ఉంది. 2025 జూలై 25న వచ్చిన ‘మహావతార్ నరసింహ’ పూర్తి బొమ్మల సినిమా, ప్రపంచవ్యాప్తంగా 300 కోట్ల రూపాయలు దాటింది. మదనపల్లెకు నరసింహస్వామి కొలువైన కదిరి ఎంత దూరం? ఆ స్వామి కథ ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? మన తెలుగు తొలి టాకీ 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ఆ కథే. 1967లో ఏవీఎం వాళ్ల ‘భక్త ప్రహ్లాద’లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు. ఇక్కడ మనుషుల సినిమా క్లాసిక్, బొమ్మలది కొత్త రాక. స్తంభం చీల్చుకుని నరసింహుడు వచ్చే ఘట్టంలో బొమ్మలు గెలిచాయి, అంత ఉగ్రం మేకప్‌తో రాదు. కానీ కొడుకును చంపమని చెప్పి రంగారావు కళ్లు ఒక్క క్షణం తడబడతాయే, ఆ క్షణాన్ని ఏ కంప్యూటరూ గీయలేదు.

లోపాలున్నా డిస్నీ వీటిని ఎందుకు తీస్తూనే ఉంది? ఎందుకంటే తెలిసిన కథకు సగం ప్రచారం ముందే అయిపోయి ఉంటుంది. 2019 ‘లయన్ కింగ్’ ప్రపంచమంతా కలిపి 166 కోట్ల డాలర్లు, ‘అల్లాదీన్’ 105 కోట్ల డాలర్లు తెచ్చాయి. తెలుగు ‘అల్లాదీన్’లో జీనీకి వెంకటేశ్, అల్లాదీన్‌కు వరుణ్‌తేజ్ గొంతులిచ్చారు. అన్నిసార్లూ పాచిక పారదు. 2025 మార్చిలో వచ్చిన ‘స్నో వైట్’కు 24 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, దాదాపు 20 కోట్లే రాబట్టారు. అందులోనూ సగం హాళ్లకే పోతుంది. రెండు నెలలకే ‘లిలో అండ్ స్టిచ్’ 10 కోట్ల ఖర్చుతో వంద కోట్ల డాలర్లు దాటింది. అందులో స్టిచ్ అనే గ్రహాంతర జీవిని కళ్లు, చెవులు పెద్దవిగా, బొమ్మలోలాగే ఉంచేశారు. నా వాదనకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ఇంతకీ నా తీర్పు ఇది. ‘జంగిల్ బుక్’ 2016ను ఏ భాషలోనైనా చూడండి. ‘లయన్ కింగ్’ 2019ను తెలుగులో మాత్రమే చూడండి, ఇంగ్లిష్‌లో అయితే 1994 నాటిదే చూడండి. ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలుంటే పాతదే ముందు పెట్టండి. ఆ వయసుకు 88 నిమిషాలు సరిగ్గా సరిపోతాయి. తర్వాత కొత్తది చూపిస్తే ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో వాళ్లే చెప్తారు, మధ్యలో మనం తీర్పులు చెప్పక్కర్లేదు.

తర్వాతి వంతు ‘మోవానా’ది. 2016 నాటి ఆ 107 నిమిషాల బొమ్మల సినిమాను మనుషులతో తీసి, 2026 జూలై 10ని విడుదల తేదీగా డిస్నీ ప్రకటించింది. మీ ఊళ్లో ఏ హాల్లో వేసినా టికెట్ తీసే ముందు రెండు సంగతులు చూసుకోండి: ఆట తెలుగుదేనా, అందులో గొంతులు ఎవరివి.